ఆర్టీమియా గుడ్లు: విత్తనమా, తిండిగింజా?

రైతు యింట వడ్లు రెండు విధములుగ నుండును. విత్తనమునకు దాచినవి కొన్ని, తిండికి పోసుకొన్నవి కొన్ని. వరి విత్తనము నూటికి 80 గింజలయినను మొలవవలెనని ప్రమాణము. అంతకు తగ్గినచో నారుమడిలో చల్లుటకు తెలిసిన రైతెవ్వరును ఒప్పుకొనరు. అంతమాత్రమున ఆ వడ్లను పెంటమీద పోయరు. మరకు వేసి, ఊక తీసి, వండుకొని తిందురు. మందు పట్టించిన విత్తనము సంగతి వేరు, దానిని ఏ ప్రాణికిని పెట్టరాదు. తక్కినది మొలవకున్నను ఆహారముగ పనికివచ్చును. ఇంత తేలిక సంగతి రంగు చేపల పెంపకము వద్దకు వచ్చునప్పటికి మనకు గుర్తుండుట లేదు. చేప పిల్లలకు మేతగ అమ్ముచున్న ఆర్టీమియా గుడ్లను కొందరు ఊకతోనే తినిపించుచున్నారు. మరికొందరు మొలక తక్కువయినవని మురుగు కాలువలో పోయుచున్నారు. రెండును నష్టమే.

నేను వ్యవసాయ శాఖ ఉద్యోగిని. చేపల సంగతి మత్స్యశాఖ వారిది గదా, నీకెందుకని నా తోటి ఉద్యోగులు కొందరు అడిగిరి. పొలము గట్టున నిలబడిన ఉద్యోగిని రైతు ఏ ప్రశ్న అడుగునో శాఖలు చూచి అడుగడు. వరి విత్తనముల పంపకమునకు ఒక గ్రామము వెళ్ళినప్పుడు ఒక గృహిణి నన్ను తన పెరటిలోనికి పిలిచికొని పోయినది. అక్కడ నూతి ఒరలు నాలుగు అడుగున సిమెంటు చేసి తొట్లుగ మార్చి యున్నవి. వాటిలో గోల్డుఫిష్, మోలీ, గప్పీ చేపలు పెంచి బెజవాడలోని దుకాణమునకు అమ్ముకొనుచున్నది. పెద్ద చేపలు బాగుగనే యున్నవి. పిల్లలు మాత్రము వారము దాటకుండ చచ్చుచున్నవి. దుకాణదారు ఇచ్చిన చిన్న పాలిథిన్ పొట్లము చూపినది. లోపల కాఫీపొడి వంటి గోధుమరంగు పొడి.

"ఇవి గుడ్లంట సారూ. చల్లితే పైన తేలతన్నయ్. పిల్లలు తింటన్నయ్ కూడా. తెల్లారేసరికి పొట్టలుబ్బి అడుక్కి పడుంటన్నయ్," అనినది.

అప్పుడు నాకు తెలిసినంతలో నేను చెప్పిన సలహా ఇది: పొట్లములు కొనవద్దు, రొయ్య హేచరీలవారు వాడు మంచి రకపు డబ్బా కొనుము, ఉప్పునీటిలో పొదిగించి పిల్లలను మేపుము. పుస్తకము ప్రకారము సలహాలో తప్పు లేదు. ఆమె సంఘములో అప్పు తీసికొని 425 గ్రాముల డబ్బా ఒకటి కొనినది. మొదటి పదిహేను రోజులు బ్రహ్మాండముగ నడచినది. తరువాత వానలు పట్టినవి. నాలుగు ఒరలకు రోజుకు ఒక గ్రాము కూడ అవసరము లేదు గనుక డబ్బా నెలల తరబడి తెరచుచు మూయుచు నుండవలసి వచ్చినది. తేమ తగిలి పొదుగుట సగమునకు, తరువాత పాతికవంతునకు పడిపోయినది. మరల వెళ్ళినప్పుడు ఆమె కోపపడలేదు. "మీరు చెప్పిన డబ్బా కూడా పుచ్చిపోయింది గదా సారూ, దీన్నేం చెయ్యమంటారు?" అని మాత్రము అడిగినది. నావద్ద సమాధానము లేకపోయెను. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగ ఇచ్చుచున్న జవాబు.

ముందుగ ఈ గుడ్లేమిటో చెప్పవలెను. ఆర్టీమియాను ఉప్పునీటి రొయ్య అందురు గాని అది మనము తిను రొయ్య జాతి కాదు. పెరిగినది సుమారు ఒక సెంటీమీటరు పొడవుండును. పదకొండు జతల కాళ్ళతో వెల్లకిలా ఈదుచుండును. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, ఇది అంతకు మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉప్పగ నుండు నీటిలో సుఖముగ బ్రతుకును. ఆ నీటిలో దీనిని తిను చేపలు బ్రతుకలేవు. దానికున్న రక్షణ యంతయు ఉప్పే. కాలము బాగున్నప్పుడు పిల్లలనే పెట్టును. నీరు మరీ చిక్కబడి ఇబ్బంది కలిగినప్పుడు గట్టి పెంకుగల గుడ్లు విడుచును. ఈ గుడ్డు పావు మిల్లీమీటరుండును. ఒక గ్రాములో రెండు మూడు లక్షలుండును. కోసిన క్రొత్తలో కొన్ని వరి రకములు మొలవక నిద్రావస్థలో నుండుట మీ రెరుగుదురు. ఈ గుడ్డులోని పిండము కూడ అటులే నిద్రించుచుండును. పొడిగ, గాలి తగులకుండ దాచినచో సంవత్సరముల తరబడి చెడదు. తగినంత ఉప్పు, గాలి, వెలుతురు గల నీటిలో పడిన ఒక దినములో పిల్ల బయటికి వచ్చును.

దీని పిల్లలు చేప పిల్లలకు మంచి ఆహారమని 1930 దశకములో అమెరికాలో సీల్, నార్వేలో రోలెఫ్సెన్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మొదట శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఉప్పు మళ్ళ నుండి, 1950 దశకపు ఆరంభము నుండి యూటా రాష్ట్రములోని గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పు సరస్సు నుండి గుడ్లు సేకరించి అమ్మసాగిరి. నేటికిని లోకములో రొయ్య హేచరీలకు పోవు గుడ్లలో గణనీయమైన భాగము ఆ సరస్సుదే. 1970 దశకములో కరవు వచ్చి వెల మండిపోయినది. 2022 నవంబరులో ఆ సరస్సు, కొలతలు ఆరంభమయినది మొదలు ఎన్నడును లేనంత అడుగునకు దిగినది. నీరు మితిమీరి చిక్కబడి ఆర్టీమియా సంగతే సందేహములో పడినది. మరుసటి సంవత్సరము మంచు బాగుగ కురిసి కొంత తేరుకొనినది. మన పెరటిలోని గప్పీ పిల్ల కడుపు, పదమూడు వేల కిలోమీటర్ల అవతలి సరస్సు మట్టము మీద ఆధారపడి యున్నదనుట వినుటకు వింతగ నుండును గాని నిజము.

ఇక ఆమె తొట్లలోని చావుల సంగతి. గుడ్డు పెంకు మన వడ్ల ఊక కంటె మొండిది. చేప పిల్ల కడుపులో అది అరగదు. ఒకటి రెండు బయటికి పోవచ్చును. ఎక్కువగ మ్రింగినచో పేగు మూసికొని పిల్ల చచ్చును. పైగ పెంకులకు అంటుకొని రోగపు సూక్ష్మజీవులు కూడ వచ్చును. కనుక పెంకుతోనున్న ఎండు గుడ్లను తొట్టిలో చల్లుట ఎట్టి పరిస్థితిలోను కూడదు. పొట్లము మీద చల్లుచున్న బొమ్మ యున్నను కూడదు. పెంకు తీసి ఆరబెట్టిన గుడ్లు వేరే దొరకును, వాటిని చల్లవచ్చును. కాని ఆ రెంటిని అమ్మువారే ఒక్కటిగ చెప్పుచుండుట నేను స్వయముగ వింటిని. తేడా కనుగొనుటకు భూతద్దము క్రింద చూడవలెను. పెంకున్నది గోధుమ రంగు, ఒకవైపు సొట్ట పడి బంతి నొక్కినట్లుండును. పెంకు తీసినది నారింజ రంగుగ నుండును.

పొదిగించు పద్ధతి చాలమందికి తెలిసినదే గనుక క్లుప్తముగ చెప్పెదను. లీటరు నీటికి 25 నుండి 30 గ్రాముల రాళ్ళ ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, తలక్రిందులుగ వ్రేలాడదీసిన ప్లాస్టిక్ సీసాలో పోసి, గ్రాము గుడ్లు వేసి, అడుగు నుండి గాలి గట్టిగ వదలవలెను. దీపము దగ్గరగ నుండవలెను. నీటి వేడి 25 నుండి 30 డిగ్రీలుండిన 24 గంటలలో పిల్లలు వచ్చును. గాలి ఆపి పది నిమిషములు ఆగినచో ఉత్త పెంకులు పైకి తేలును. సీసా అడుగున వెలుతురు పెట్టిన పిల్లలు అక్కడ గుమిగూడును. వాటిని సన్నని గుడ్డలో పట్టి మంచినీట కడిగి మేపవలెను. వచ్చిన ఎనిమిది గంటలలోపున మేపుట మేలు. తరువాత అవి కుబుసము విడిచి, తమలోని కొవ్వును తామే కరగించుకొని బలము తగ్గును. మంచినీటి తొట్టిలో అవి కొన్ని గంటలకన్న బ్రతుకవు గనుక తినగలిగినంతే వేయవలెను.

ఇది హేచరీలకు బాగుగ నప్పిన పద్ధతి. అక్కడ రోజుకు డబ్బాలకు డబ్బాలు ఖర్చగును, కరెంటు పోయిన జనరేటరుండును, పనికి మనుషులుందురు. పెరటిలో నాలుగు ఒరలున్న కుటుంబమునకు రోజు విడిచి రోజు సీసా కట్టుట, రాత్రి కరెంటు పోయిన పిల్లలన్నియు ఊపిరాడక చచ్చుట, తెరచిన డబ్బా తేమకు చెడుట, ఇవన్నియు తలనొప్పులు. వీరు కూడ హేచరీల వలె మొదటి తరగతి డబ్బాలే కొనవలెనని చెప్పుట తప్పు సలహా అని నా యభిప్రాయము. ఆ తప్పు నేనును చేసితిని. చిన్న పెంపకందారు ఆర్టీమియా గుడ్డును విత్తనముగ గాక తిండిగింజగ కొనవలెను. పొదుగుట తగ్గిన గుడ్లను, కాలము మీరి హేచరీలు తిరస్కరించిన డబ్బాలను తక్కువ ధరకు కొని, పెంకు తీసి, నేరుగ మేపవలెను. నిద్రావస్థ వలన గాని నిలువ వలన గాని పొదగని గుడ్డులో కూడ మాంసకృత్తులు, కొవ్వు ఉండును. పైపెచ్చు ఇంకొక లాభము కలదు. మొలకెత్తిన గింజ తన పిండిని తానే కొంత తినివేసినట్లు, గుడ్డు నుండి బయటపడుటకు పిల్ల తన శక్తిని ఖర్చు చేసికొనును. పెంకు తీసిన గుడ్డులో, అప్పుడే వచ్చిన పిల్లలోకన్న 30 నుండి 40 శాతము ఎక్కువ శక్తి యుండునని పరిశోధనలు తెలుపుచున్నవి.

అయితే ఒక్క షరతు. ముక్కిన వాసన వచ్చుచున్నవి, బూజు పట్టినవి, ఉండకట్టినవి పనికిరావు. ముక్కిన బియ్యము మనమును తినము గదా. పొదిగించిన తరువాత సీసా అడుగున మిగిలిన గుడ్లను కూడ వాడవద్దు. అవి ఒక దినము నాని కుళ్ళుట మొదలిడి యుండును.

పెంకు తీయుట కష్టము కాదు గాని జాగ్రత్త కావలెను. మొదటిసారి 10 గ్రాములకు మించి చేయకుడు. గుడ్లను మంచినీటిలో గంటసేపు గాలి పెట్టుచు నాననిచ్చిన సొట్టలు పోయి గుండ్రముగ ఉబ్బును. సన్నని గుడ్డలో వడకట్టి పిండవలెను. వేరొక గాజు లేక ప్లాస్టిక్ పాత్రలో 90 మిల్లీలీటర్ల చల్లని నీరు తీసికొని ఒకటిన్నర గ్రాముల కాస్టిక్ సోడాను కొంచెము కొంచెముగ కరగించి, దానిలో 10 శాతపు సోడియం హైపోక్లోరైటు ద్రావకము 50 మిల్లీలీటర్లు కలుపవలెను. సోడాను నీటిలో వేయవలెను గాని సోడా మీద నీరు పోయరాదు. అల్యూమినియము పాత్ర వాడరాదు. ఇందులో గుడ్లు వేసి కలుపుచు నుండిన గోధుమ రంగు విరిగి బూడిద రంగు, తెలుపు, చివరకు నారింజ రంగు వచ్చును. ఈ పని అయిదు నుండి పదిహేను నిమిషములలో ముగియును. ఈ లోపున వేడి పుట్టును. చేయి పెట్టి చూడరాదు, థర్మామీటరు పెట్టి చూడవలెను. 40 డిగ్రీలు దాటకుండ పాత్రను మంచునీటి బేసినులో నుంచుట మేలు. నారింజ రంగు తిరిగిన వెంటనే వడకట్టి పారునీట కడుగవలెను. ఆలస్యమయిన లోపలి పిండము కూడ కరగును.

కడుగుట విషయములో నా యనుభవము చెప్పుట నా విధి. మొదటిసారి మా యింటనే ఈ ప్రయోగము చేసితిని. కడిగి, వాసన చూచి, క్లోరిన్ పోయినదనుకొంటిని. వాసనకు అందని క్లోరిన్ మిగిలియుండెను. గాజు తొట్టిలోని మోలీ పిల్లలు రెండు డజన్లు గంటలో తేలిపోయినవి. మా అమ్మాయి నాతో రెండు దినములు మాటలాడలేదు. చేపలవారు హైపో అని పిలుచు సోడియం థయోసల్ఫేటు ఒక గ్రామును లీటరు నీటిలో కరగించి, కడిగిన గుడ్లను అందులో ఒక నిమిషము ముంచి, మరల మంచినీట బాగుగ కడిగిన ఈ ప్రమాదముండదు. హైపో వెల స్వల్పము. దానిని మానుట వలన మిగులునది ఏమియు లేదు. హైపోక్లోరైటు, కాస్టిక్ సోడా రెండును కండ్లను, చర్మమును కాల్చునవి గనుక చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు పెట్టుకొని, పిల్లలను దూరముగ నుంచి, ఆరుబయట చేయవలెను. హైపోక్లోరైటులో ఏ ఆమ్లమును కలుపరాదు, విషవాయువు పుట్టును. మరుగుదొడ్డి కడుగు ఆమ్లపు సీసాలు అదే గూటిలో నుండు ఇండ్లు చూచితిని గనుక ఈ మాట గట్టిగ చెప్పుచున్నాను.

సంఘములోని పదిమంది కలిసి ఒకచోట, ఒక తెలిసిన మనిషి చేత ఈ పని చేయించుకొని పంచుకొనుట అన్నిటికన్న మంచిది. ఊరికి ఒక బియ్యపు మర చాలును గాని ఇంటికొకటి అక్కరలేదు గదా. తయారయిన గుడ్లను లీటరు నీటికి 300 గ్రాముల ఉప్పు వేసిన చిక్కని ఉప్పునీటిలో మూతగల సీసాలో పోసి ఫ్రిజ్‌లో నుంచుకొనవచ్చును. మేపబోవునప్పుడు చెంచాడు తీసి మంచినీట కడిగి వేయవలెను. పచ్చడి జాడీ వలె, తడి చెంచా పెట్టరాదు.

వేయుట యెట్లు? ఇవి కదలవు, త్వరగ అడుగునకు దిగును. గాలి బుడగలు కొంచెము ఎక్కువగ వదలిన నీటిలో తిరుగుచుండును. అప్పుడు పిల్లలు పట్టుకొని తినును. పది నిమిషములలో పూర్తిగ తినగలిగినంతే, రోజుకు నాలుగయిదు మారులు కొంచెము కొంచెము వేయవలెను. అడుగున మిగిలినది రబ్బరు గొట్టముతో లాగివేయవలెను, లేనిచో నీరు చెడును. గోల్డుఫిష్, మోలీ, గప్పీ, ప్లాటీ పిల్లలు దీనికి త్వరగ అలవాటు పడును. కాని ఫైటర్, గురామీ వంటి చేపల పిల్లలు పుట్టిన మొదటి దినములలో మిక్కిలి చిన్నవి, నోట గుడ్డు పట్టదు. వాటికి నాచునీటి సూక్ష్మజీవులే ఆధారము. తరువాత కూడ అవి కదలుచున్న మేతనే వేటాడును. వాటిని పెంచువారు సీసా కట్టి పిల్లలను పొదిగించుట తప్పదు. అన్ని చేపలకు ఒకే మందు చెప్పు ఉద్దేశము నాకు లేదు.

పొదుగుట ఎంతయున్నదో ఎవరికివారు పరీక్షించుకొనవచ్చును. విత్తన పరీక్ష తెలిసిన రైతుకు ఇది క్రొత్త కాదు. తడి కుంచె కొనతో భూతద్దము క్రింద 100 గుడ్లు లెక్కపెట్టి చిన్న గిన్నెలోని ఉప్పునీటిలో వేసి, దీపము దగ్గర రెండు దినములుంచి, పొదగక మిగిలినవి లెక్కించవలెను. మూడుమార్లు చేసి సగటు తీయవలెను. ఎనుబది వచ్చిన విత్తనమని దాచుకొనుడు. ముప్పది వచ్చిన తిండిగింజ ధర ఇయ్యుడు.

ఇచ్చటనే నా అసలు ఫిర్యాదు. 1966 నాటి విత్తన చట్టము వచ్చిన తరువాత ప్రకటిత రకముల విత్తనపు సంచి మీద మొలక శాతము, పరీక్షించిన తేదీ ఉండవలసినదే. వేరుశనగకు 70 శాతమని, వరికి 80 శాతమని అంకె కలదు. అంకె యున్నది గనుక రైతు నిలదీయగలడు. కిలో వేల రూపాయలు పలుకు ఆర్టీమియా గుడ్లు పెద్ద డబ్బాలలో అంకెలతోనే వచ్చును. చిల్లర దుకాణములో పొట్లము కట్టునప్పటికి ఆ అంకె మాయమగును. ఏ సంవత్సరపు సరకు, ఎప్పుడు డబ్బా విప్పిరి, పెంకున్నదా తీసినదా, నూటికెన్ని పొదుగును, ఒక్కటియు ఉండదు. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ప్రకటించినప్పుడు అలంకారపు చేపల యూనిట్లకు సాధారణ వర్గమువారికి 40 శాతము, స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 60 శాతము సహాయము ఏర్పరచిరి. మంచి పనియే. కాని తొట్టికి సహాయమిచ్చి మేత పొట్లమును గాలికి వదలిన, కట్టిన తొట్లు ఎండిపోవును. పొట్లము మీద నాలుగు ముక్కలు ముద్రించవలెనని నిర్బంధించుటకు ఖర్చేమియు లేదు. అట్టి నిబంధన వచ్చువరకు, ఆ నాలుగు ముక్కలు కాగితము మీద వ్రాసి సంతకము చేయని దుకాణములో కొనవద్దని గ్రామ సచివాలయపు మత్స్య సహాయకులు చెప్పవలెను.

మరి ఈ గుడ్లు మన తీరమున పండించరాదా అని ఉప్పు రైతులు అడుగవచ్చును. నౌపడ మొదలు చినగంజాం, ఇస్కపల్లి వరకు మనకు ఉప్పు మళ్ళు కలవు. వియత్నాములో మెకాంగ్ నది ముఖద్వారమున విన్ చావ్ తీరపు ఉప్పు రైతులు 1980 దశకము నుండి ఈ పని నేర్చుకొనిరి. అచ్చటి వాతావరణము మనదానికి దగ్గరదే. వానలు ఆరు నెలలు, ఎండలు ఆరు నెలలు. వారు ఎండకాలములో ఉప్పు చెరువులలో ఆర్టీమియాను విడిచి, ఒక ఋతువులో హెక్టారుకు 50 నుండి 100 కిలోల తడి గుడ్లు తీయుచున్నారు. ఉప్పుకన్న గుడ్ల మీదనే వారికి రాబడి. మనకు ప్రక్కనే తూత్తుకుడి తీరమున రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రమువారు ఈ పెంపకము చేపట్టి యున్నారు. కనుక ఇది గాలిలో మేడ కాదు.

ఉప్పుకు నష్టమా అను భయము అక్కరలేదు. ఆర్టీమియా నీటిలోని పచ్చని నాచును తిని నీటిని తేటపరచును, తేట నీటిలో ఉప్పు గళ్ళు శుభ్రముగ కట్టును. అయితే చిక్కులు లేకపోలేదు. మన మళ్ళు చాలవరకు లోతు లేనివి. ఎండకు నీరు మరీ కాగినచో పురుగు చచ్చును. కనీసము మోకాలి లోతు చెరువు ఒకటి ప్రత్యేకించవలెను. వేసవిలో ఒక్క అకాల వాన పడిన నీరు పలుచబడి పండిన గుడ్లు మడిలోనే పొదిగిపోవును. పనలమీద మొలకెత్తిన వడ్ల వలె. గుడ్లు ఒడ్డుకు కొట్టిన నాడే తీయవలెను.

ఇంకొక మాట. తొందరపడి అమెరికా డబ్బాలోని గుడ్లు తెచ్చి ఉప్పు మడిలో పోయవద్దు. ఫ్రాన్సిస్కానా అను ఆ జాతి, పోర్చుగల్, స్పెయిన్, ఫ్రాన్సు దేశముల ఉప్పు మళ్ళలో చేరి అక్కడి దేశవాళీ జాతులను తరిమివేసినది. దక్షిణ భారతపు ఉప్పు మళ్ళలోను అది కనబడినట్లు శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఒకసారి మడిలో చేరిన తరువాత మందు కొట్టి తీయగలిగినది కాదు, తుంగ గడ్డికన్న మొండిది. ముందు మన మళ్ళలో మనదేశపు జాతి మిగిలియున్నదేమో చూడవలెను. దానిని చూచుటకు యంత్రము అక్కరలేదు. ఫిబ్రవరి నుండి మే వరకు ఉప్పు పనివారు గాలి కొట్టు వైపు గట్టు వెంబడి కన్ను వేసిన చాలును. రంపపు పొట్టు వలె గోధుమ రంగు తెట్టు సన్నని చారగ తేలియుండును. చేతిలోకి తీసికొని రుద్దిన ఇసుక వలె గరగరలాడక జారును. అట్టిది కనబడినచో గాజు సీసాలో ఆ మడి నీటితోనే పట్టి, మడి పేరు, తేదీ కాగితము మీద వ్రాసి అంటించి, రెండు దినములలో మత్స్య సహాయకునికి అందజేయుడు. నీటి ఉప్పు కొలిచిన అంకె కూడ వ్రాసిన మరింత మేలు.

ఆ పెరటి గృహిణి తన పుచ్చిన డబ్బాను పారవేయలేదు. మూత బిగించి బియ్యపు డబ్బాలో పెట్టి యుంచినది. మొన్న ముక్కు వాసన చూచి, బాగున్నదని తేల్చుకొని, సంఘపు ఇంటి అరుగు మీద ఆమెయే పది గ్రాములు పెంకు తీసినది. హైపో కలుపువరకు నన్ను చెంచా ముట్టుకొననీయలేదు.